పుల్ల ఆగిన చోట

రిజిస్టర్ల ఒక్కటే వరుస:
"పటం. గుడ్డ మీద. కాలం తెలియదు.
గీసినవారు తెలియదు. స్థితి: బాగాలేదు."
ఎవరో ఆకుపచ్చ సిరాతో రాసి
సంతకం మరిచి రిటైరైపోయిండు.

నాకిది ఏడో నెల. కాంట్రాక్టు పదకొండు నెలలు.
హన్మకొండ మ్యూజియంల వెనక గది,
మెడ వంగే టేబుల్ లైటు,
కరెంటు పోతే చెమటబొట్టు పటం మీద రాలకుంట
నుదుటికి కట్టుకునే చేతిరుమాలు.

రోజుకు మూరెడు విప్పుత.
చింతగింజల అంబలి, సుద్దమన్ను,
పాతబడ్డా సల్లారని ఎరుపు.
అంచు పొడుగునా దీపపు మసి.

భూతద్దం కింద పోగులు లెక్కవెడుతుంటే
ఒకచోట వేళ్లు వాటంతట అవే ఆగినయి.
చిరుగుకు అతుకు. అతుకు చివర ఒక ముడి.
కొత్తవాడల మా నాయినమ్మ
మగ్గం మీద తెగిన పోగును అచ్చం ఇట్లనే కలిపేది,
ఎడమ బొటనవేలు కింద, చూడకుంటనే.
నేను చదివిన చదువుల ఆ ముడికి పేరు లేదు.
"తరువాతి కాలపు మరమ్మతు" అని రాసిన.
కొట్టేసిన. మళ్ల అదే రాసిన.

పక్క టేబుల్ మీద నాణేలు తూస్తున్న నుస్రత్ అన్నది:
"నీదానికి కనీసం కథ ఉన్నది.
నావి కిందవడితే మోగుడొక్కటే."

కథ ఉన్నది, కని
భావనారుషి ఎక్కిన పులికి మొహం లేదు.
రంగు లేచి ఉత్త గుడ్డ తేలింది.
ఇంకో ఆరుచోట్ల గూడ, రూపాయిబిళ్లంత.
పురుగు గాదు, చెమ్మ గాదు.
మూడు వారాలు తండ్లాడి
ఖాళీలు నింపెతందుకు ప్రతిపాదన తయారుచేసిన:
రంగు ఇంత, బంక ఇంత, ఖర్చు ఇంత.

అప్పుడొచ్చిండు జనగామ దిక్కునుంచి
కూనపులి నాంపల్లి.
గడప బయటనే చెప్పులిడిసి
"నిలవెట్టు బిడ్డా, పండవెట్టిన పటం పలకది" అన్నడు.
కుదరదన్న. మాకూ నియమాలుంటయి.
సరే అని, చేతిల పుల్లను
పటానికి జానెడు మీద గాలిల ఉంచి
కథ ఎత్తుకున్నడు.

పుల్ల నడిచింది, ఆగింది.
ఆగిన చోటల్లా కింద ఒక ఖాళీ.
"ఇక్కడ ఆడోళ్లు కండ్లొత్తుకునేటోళ్లు.
ఇగ పులికాడైతే పోరగాండ్లు కదలనియ్యరు,
మళ్లొకపారి, మళ్లొకపారి."

నుస్రత్ త్రాసు ఆపింది.

"బాగ చినిగినంక ఏంజేస్తరు తాతా?"
"గంగల కలుపుతం.
పానం పోయినదాన్ని ఇంట్ల పెట్టుకుంటరా?"
నా చేతి తొడుగులను చూసిండు, బీరువాను చూసిండు.
"మీరు పెట్టుకుంటరు గదా" అన్నడు.
తిట్టిండో మెచ్చిండో ఇప్పటికీ తెల్వదు.

పై ఆఫీసునుంచి నిన్న కాగితం తిరిగొచ్చింది:
"'నష్టం' అనే గడిలో 'వాడుక' అని ఉన్నది. అచ్చుతప్పా?"

జవాబు ఇంక రాయలే.
బడ్జెటు మురిగిపోతదంటున్నరు.
పొద్దున పులిదాకా విప్పి
మొహం లేని ఆ జాగల
వేలు ఆనకుంట, జానెడు మీద
జరసేపు ఉంచిన.