లిస్బన్‌కి రెండు లోడ్లు

పొద్దున నాలుగున్నరకే ఫోను.
"లిస్బన్‌కి రెండు లోడ్లు, అర్జెంటు."
చలికి మొండికేసిన పెన్నుని
అరచేతుల మధ్య రుద్ది రాసుకుంటాను:
లిస్బన్ - పన్నెండు వేల లీటర్లు, రెండు ట్రిప్పులు.
జెనీవా - ఒకటి. పాత బాకీ ఉంది, ముందు డబ్బులడగాలి.
వియన్నా - సంపు కడిగేదాకా వద్దన్నారు.

సర్జాపుర రోడ్డులో
టైర్ల షెడ్డు వెనక మా ఆఫీసు.
ఒక కుర్చీ, ఒక బోరు,
మోటారు స్విచ్చు పైన పసుపు ముద్ద.
ఇక్కణ్ణుంచే యూరప్‌కి నీళ్లు పోస్తున్నాను
పదకొండేళ్లుగా.

హిందూపురం నుంచి మా అన్న ఫోన్ చేసి
యాడున్నావురా అంటే
వియన్నా గేటు కాడ అన్నానొకసారి.
చానాసేపు మాట్లాడలేదు పాపం.
తర్వాత మెల్లగా అడిగాడు,
ఆడ ఇప్పుడు టైమెంత అని.

లిస్బన్‌కి పేరు పెట్టిన రోజు
నేనక్కడే ఉన్నాను, అడ్వాన్సు కోసం.
పిళ్ళారెడ్డి సైటాఫీసులో
టైల్సు కంపెనీ క్యాలెండరు వేలాడేది.
నవంబరు పేజీలో
ఏటవాలు వీధి, ఎర్ర పెంకుల ఇళ్లు,
పసుపుపచ్చ ట్రాము,
సందుల్లోంచి నీలంగా ఏవో నీళ్లు.
సాయంత్రానికి బ్రోచరు ప్రెస్సుకి పోవాలి.
పేజీ తిప్పి డిసెంబరు చూశాడు. అంతా మంచు.
"వద్దప్పా, చలి" అని
మళ్లీ నవంబరుకే వచ్చాడు.
అంతే.
ఊరు వెలిసింది.

బోర్డు రాసే దస్తగిరి
మూడు భాషల్లో మూడు రకాలుగా రాశాడు.
ఏది తప్పో చెప్పగలిగినవాడు
చుట్టుపక్కల ఎవడూ లేడు.

అంతకు ముందు అది ఉలవలమిట్ట.
సర్వే నంబరు ఉండేది గానీ
నంబరు పెట్టి ఎవరూ పిలిచిందిలేదు.
ఎకరా నలభై వేలకని
మరిది వేలిముద్ర వేయించుకుపోయాక
అక్కయ్యమ్మ ఇప్పుడు సి బ్లాకులో
లిఫ్టు ముందర తుడుస్తుంది.

సంపులో పైపు దించి కూచున్నప్పుడు
నాకోసం ఒక మాట దాచిపెట్టుకుని వస్తుంది.
"ఈ పేరు నా నోట తిరగదు నాయనా.
మిట్ట అనుకో. నీ నీళ్లేమన్నా తగ్గిపోతాయా?"

ఇంకోరోజు అంది:
"బెంగుళూరుకి ఆ పేరెట్లొచ్చిందో తెల్సా?
ఆకలేసిన రాజుకి ఎవరో ముసల్ది
ఉడకబెట్టిన గింజలు పెట్టిందంట.
గుప్పెడు గింజలకి ఇంత ఊరు!
నేనూ పెట్టినాను.
గొలుసులు పట్టుకోని కొలిచేదానికొచ్చినోళ్లకి,
మా చేలోనే కూచోబెట్టి,
ఎండుమిరక్కాయ తాళింపేసి, ఉలవ గుగ్గిళ్లు.
ఇంకొంచెం పెట్టవ్వా అని
అడిగడిగి తిన్యారు."

చీపురు గోడకి రెండుసార్లు కొట్టి
దుమ్ము దులుపుకుని వెళ్లిపోయింది.
అప్పటికి సంపు నిండి
నీళ్లు కాళ్లకిందికొచ్చాయి. నేను చూసుకోలేదు.

అసలు లిస్బన్ ఎట్లుంటుందో నాకు తెలీదు.
క్యాలెండరు చింపి గల్లాపెట్టె అడుగున పరిచాను గానీ
దాని మీద ఇప్పుడు చిల్లర మరకలే.
ఆ ఏటవాలు వీధిలోకి
ఒకప్పుడు ఎవరో నీళ్లు మోసే ఉంటారు.
ఆ ఊరికి మొట్టమొదటి పేరు
ఎవరి చేను మీదిదో,
ఎవరి నోట్లో తిరగక మానేశారో.

మొన్న ఒక రాత్రి,
నిద్రమత్తో మరేమో,
పుస్తకంలో రాశాను:
ఉలవలమిట్ట - రెండు లోడ్లు.
డ్రైవరు కదిరప్ప చదువుకున్నాడు.
యాడ అని అడగలేదు.
పోయి పోసొచ్చాడు.

నెలాఖరుకి బిల్లు వెనక్కొచ్చింది,
ఈ పేరుతో మాకు అపార్ట్‌మెంటు లేదని
ఎర్రసిరాతో రాసి.
కొట్టేసి, పైన లిస్బన్ అని రాసి పంపాను.
డబ్బులొచ్చాయి.

కాకపోతే
గేటు దాటిన తర్వాత
క్లబ్‌హౌసు మలుపు దగ్గర,
నిండు లోడుతో ఉన్నప్పుడు,
బండి ఇప్పటికీ
ఫస్ట్ గేరే అడుగుతుంది.