శివారు వంతు

తెర మీద ఎస్తేరు రాణి ఛాతీ.
ఎడమవైపు చర్మం కింద ఉప్పునీళ్ళ సంచి,
దాని మూతి దగ్గర
పావలా బిళ్ళంత అయస్కాంతం.

సూది ఎక్కడ గుచ్చాలో
డాక్టరు చేతికి దారి చెప్పడానికని పెట్టారు దాన్ని.
నాకు మాత్రం స్కానులో
అది దేన్నీ కనబడనివ్వదు.
చుట్టూ తెల్లచారలు, నల్లచారలు,
ఎండ్రకాయ కాళ్ళు చాచినట్టు.
ఆ కాళ్ళ కింద ఉన్నది కండో గాలో పక్కటెముకో
కంప్యూటరుకి తెలీదు.
తెలీదని ఒప్పుకోదు కూడా.
ఏదో ఒక అంకె వేసేస్తుంది.

యాభై గ్రేలు, ఇరవై ఐదు వంతులు.
తెర మీద అంతా ఒకటే రంగు,
ఎక్కడా తాలు లేకుండా పండిన చేనులా.

మా నాన్న నర్సాపురం కాలువ మీద లస్కరు.
దాళ్వాకి వంతులు పెట్టినప్పుడు
ఆఫీసు కాగితంలో నీళ్ళు
చివరి బోదె దాకా పారేవి.
నాన్న సైకిలేసుకుని వెళ్ళి చూసొచ్చేవాడు.
"కాగితానికి కాళ్ళుండవే అమ్మా,
శివారు చేనుకి అందిందో లేదో
మన మడమ ముంచి చూడాలి."

వంతెన స్తంభం వెనక నీళ్ళు ఎలా ఉంటాయో
ఆ సైకిలు మీదే చూశాను.
రెండు పక్కలా పరుగు.
స్తంభం చాటున మాత్రం
ఒక గుర్రపుడెక్క ఆకు
ఎటూ పోకుండా తిరుగుతూ ఉంటుంది.

అయస్కాంతం వెనకా అంతే.
కిరణం దాన్ని దాటుకొచ్చేసరికి కొంత తగ్గుతుంది.
ఎంత?
ఆ ఎంతకే నాకు జీతం.

రాత్రి ఎనిమిదిన్నరకి, భీమవరం ఆసుపత్రి నేలమాళిగలో,
పేషెంట్లందరూ ఆఖరి బస్సులకి పోయాక,
మైనప్పలకల మధ్య అలాంటి బిళ్ళే పెట్టి
దాని వెనక ఫిల్ము ముక్క పెట్టి
గది తలుపు మూసి మిషను నడిపాను.
ఫిల్ము రంగు తేలడానికి మర్నాటి దాకా ఆగాలి.
ఆగాను.
బిళ్ళ నీడ పడ్డ చోట నీలం పాలిపోయింది.
కంప్యూటరు తొంభై ఎనిమిదన్న చోట
ఫిల్ము తొంభై అంది.

ఎనిమిది.
ఒకే ఒక్క కణం దాక్కోవడానికి
అది చాలొచ్చు, చాలకపోనూవచ్చు.
చాలకపోవచ్చు అనుకుని పడుకోవడం
నాకు చేతకాలేదు.

ఎస్తేరు రాణి లేసు అల్లుతుంది.
వరండా బెంచీ మీద కూడా ఒళ్ళో తెల్లదారపు ఉండ.
లోహపు వస్తువులు బయట పెట్టాలన్న బోర్డు చదివి
కొక్కెం సూది నా చేతిలో పెట్టి
"లోపలున్నదానికేం చేద్దామండీ?" అని నవ్వింది.

చెప్పాను. మొదట నీడ అని మాత్రమే,
ఆమె అలాగే చూస్తూ ఉంటే, ఎనిమిదని కూడా.
కాసేపు ఏమీ అనలేదు.
అల్లుతున్న ముక్కని ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుంది.
"ఒక కన్ను తప్పితే పైనుంచి కప్పెయ్యమండి.
కప్పితే మొదటి ఉతుకులోనే బయటపడిపోద్ది.
అక్కడి దాకా ఊడదీసి మళ్ళీ అల్లుకొస్తాం."

ఊడదీశాను.
చారల్ని ఒక్కొక్కటే చేత్తో చుట్టి
ఇది కండ, ఇది నీరు, ఇది లోహమని రాసి,
కిరణం వాలు నాలుగు డిగ్రీలు తిప్పి
ఆపరేషను కుట్ల మీంచి నీడని పక్కకి జరిపాను.
పోలేదు నీడ.
లోహమున్నంత కాలం ఎక్కడో ఒకచోట పడాల్సిందే.
ఎక్కడ పడుతోందో ఇప్పుడు నాకు తెలుసు, అంతే.

మళ్ళీ ఫిల్ము. మళ్ళీ ఒక రాత్రి.
తొంభై ఐదు.
పక్కనే "రెండు అటూ ఇటూ" అని రాశాను.
కొలబద్ద దగ్గర అంకె వేసి నాన్న కూడా
"గాలి ఉంది, నీరు ఊగుతోంది" అని చేర్చేవాడు.
ఆఫీసరు కొట్టేసేవాడు. నాన్న మర్నాడు మళ్ళీ రాసేవాడు.

మంగళవారం, మొదటి వంతు.
కెమెరా తెరలో ఎస్తేరు రాణి,
చేతులు తల పైన, కళ్ళు మూసి.
వేళ్ళు మాత్రం కదులుతున్నాయి,
దారం లేకుండానే కళ్ళు లెక్కబెడుతూ.
కదలొద్దని మైకు నొక్కబోయాను.
ఛాతీ వైపు చూశాను.
మైకు వదిలేశాను.