రెండు సెట్లు

సుబేదారిల నా దుకాణానికొచ్చే ప్రతి పిల్లా
"అక్కా, రెండు సెట్లు" అంటది.
ఆధారు, మెమో, బోనఫైడు.
ఒకటి కాలేజీకి, ఒకటి ఇంట్ల బీరువాకు.
పదకొండేండ్ల నుంచి సెట్టంటే నాకు
పిన్ను కొట్టిన వెచ్చటి కాయితాలు.

మొన్న ఓదెలు బిడ్డ ప్రవళిక
పైథాన్ రికార్డు ఇచ్చిపోయింది, నలభై పేజీలు.
అద్దం కింద వెలుగు అటూ ఇటూ ఉరుకుతుంటే
పదిహేడో పేజీ చదివిన:
సెట్‌లో ఏదీ రెండోసారి ఉండదు.
నవ్వొచ్చింది.
నేను బతికేదే రెండోసారి మీద.

ఆ రాత్రి షట్టరు సగం దించి
ఆదివారం పేపరు ముందేసుకున్న.
'హనుమకొండ'లోంచి ఎన్ని మాటలు తీయగలరు?
పాత కంప్యూటర్ల ఊరి పేరు కొట్టి, సెట్ అన్న.
ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ
ఎనిమిది ముక్కలు కుమ్మరించింది,
ఎనుమాముల యార్డుల మిరప బస్తా విప్పినట్టు.
హ ఒక దిక్కు, డ ఒక దిక్కు,
కొమ్ము వేరే, సున్న వేరే,
క నుంచి ఊడొచ్చిన ఒత్వం ఒంటరిగా.
మళ్లా నడిపిస్తే మళ్లొక వరస.
వరస దానికి పట్టదు.

కుండ ఉన్నదా? ఉన్నది.
నడక? ఉన్నది.
కొండా డొంకా ఒకటేనా అంటే
ట్రూ అన్నది!
పద్మాక్షి గుట్ట ఎక్కినోళ్లను,
డొంకల దారి తప్పినోళ్లను అడుగు, ఒకటేనా?
మనుమడు గూడ ఉన్నడన్నది.
పేపరోడు ఒప్పుకోడు,
ఊర్ల మ ఒక్కటే, వీనికి రెండు కావాలె.
ఉన్నదో లేదో చెప్తది గని
ఎన్నున్నయో చెప్పదీ సెట్టు.
పెన్సిలుతోని మనుమణ్ని కొట్టేసిన.

ఇగ బంద్ చేద్దామనుకుంటనే
ఇంకొకటి కొట్టిన.
అమ్మ. అమ్మమ్మ.
నడుమ రెండు ఈక్వల్ గుర్తులు.

ట్రూ.

రెండిట్లా అ, మ, పొల్లు. అంతే.

నా పదో తరగతి మెమోల తల్లి పేరు కాడ
ఉప్పలమ్మ అని ఉంటది.
కొత్తవాడల జంపఖానాలు నేసి
నన్ను సాదిన అమ్మమ్మ.
తప్పు, దిద్దిచ్చుకో అని
ముగ్గురు సార్లు చెప్పిండ్రు.
అఫిడవిట్టు కాయితం గూడ కొన్న ఒకసారి,
దాని మీద ఇస్త్రీ లెక్కలు రాసుకున్న.

పొద్దుగాల ప్రవళిక వచ్చింది.
పైసలు తీసుకున్న, పేజీలు సరిచూసిచ్చిన.
"రెండు సెట్లేనా అక్కా?"
రెండే.
పదిహేడో పేజీ మాత్రం
మూడోది తీసి డ్రాయర్ల పెట్టుకున్న.