అరవై మూడో ఫుట్‌నోట్

రికార్డుల గది నేలమాళిగలో ఉంటుంది.
పైన తీర్పులు, కింద మేము.
ఇరవై రెండేళ్లుగా ఇళ్లు ఖాళీ చేయించే కేసుల్లో
పేర్లు టైపు చేస్తున్నాను.
ముందు ఇంటిపేరు, తర్వాత కామా, తర్వాత మనిషి.
ఇల్లు పోతున్నవాళ్లకైనా ఇంటిపేరే ముందు.

మిల్వాకీలో మంచు మురికిపట్టే నెలలో
ఆ అమ్మాయి వచ్చింది, హలీనా వ్రోబెల్,
లా మూడో ఏడు.
బూట్ల నుంచి కారిన నీళ్లు తానే తుడిచింది.
"కొట్టేసిన కేసులు కావాలి," అంది.
గెలిచినవి కాదా, అన్నాను.
"కొట్టేసినవే. అవి ఎక్కడికి పోతాయో చూడాలి."

ఎక్కడికీ పోవమ్మా, అదే సంగతి.
జడ్జి కేసు కొట్టేస్తాడు,
కంప్యూటరు పేరు అట్టే పెట్టుకుంటుంది.
రేపు ఇంకో ఇంటివాడు ఆ పేరు కొట్టి చూస్తాడు.
కేసు అని కనిపిస్తే చాలు, ఏమైందో చదవడు.
నిప్పు లేనిదే పొగ రాదనుకుంటాడు.
ఇక్కడ పొగను మేమే అచ్చువేసి ఇస్తాం,
పేజీకి డాలరుంపావు.

నాలుగు నెలలు తిరిగింది.
మూడో అంతస్తు కోర్టుహాల్లో వెనక బెంచీ మీద
తమ్ముడి ఈతపోటీల స్టాప్‌వాచ్ పట్టుకుని
ఒక్కో విచారణా ఎంతసేపో లెక్కపెట్టింది.
సగటున తొంభై ఆరు సెకన్లు.
మా కాఫీ మిషను కప్పు నింపడానికి
అంతకంటే ఎక్కువ తీసుకుంటుందన్నాను.
నేను నవ్వాను. ఆమె అదీ రాసుకుంది.

మే నెలలో ఆ వ్యాసానికి మొదటి బహుమతి.
నన్నూ పిలిచింది. ఉన్న ఒక్క టై కట్టుకుని వెళ్లాను.
పుల్లలు గుచ్చిన చీజ్ ముక్కలు,
వేదిక మీద రిటైరైన జడ్జి ఒకాయన
"సాహసం" అనే మాట మూడుసార్లు వాడాడు.
ఆ తొంభై ఆరు సెకన్లలో కొన్ని ఆయనవే.

చివరి వరసలో ఒడెస్సా ప్రూయిట్ కూర్చుంది,
నర్సింగ్‌హోం యూనిఫాంలోనే, డ్యూటీ మధ్యలో వచ్చి.
ఆమె కేసు నాకు గుర్తే.
జనవరిలో బాయిలరు చచ్చిపోతే అద్దె ఆపింది,
ఇంటివాడు కోర్టుకెక్కాడు,
కేసు నిలవలేదు, పేరు నిలిచింది.
ఆరేళ్లు. పదకొండు ఇళ్లకు దరఖాస్తులు.
ఒక్కోదానికి నలభై డాలర్లు, తిరిగివ్వరు.
ఇప్పుడు అక్క ఇంట్లో, హాలులో,
సోఫా పగలు ఆమెది కాదు.

వ్యాసం కాపీ తిరగేస్తూ తిరగేస్తూ
అరవై మూడో ఫుట్‌నోట్ దగ్గర వేలు ఆపింది.
ఓ.పి.తో సంభాషణ. గోప్యత కోసం పేరు ఇవ్వలేదు.

"ఇది నేనేనా?"
"మీరే," అంది హలీనా, "మీకు ఇబ్బంది కాకూడదని."

ఒడెస్సా గొంతు పెంచలేదు.
డ్యూటీలో ముసలివాళ్లకు మందు వేళ చెప్పినట్టే చెప్పింది:
"నీ కాగితంలో దాచావు. దీన్ని ఓ పన్నెండుమంది చదువుతారేమో.
ఊరంతా చూసే చోట మాత్రం
అక్షరం తప్పు లేకుండా ఉంది."

హలీనా ఆ బహుమతి ఫలకాన్ని
వేడి గిన్నెలా రెండు చేతులా పట్టుకుని నిలబడింది,
దించడానికి బల్ల దొరకనట్టు.

అక్షరం తప్పు లేకుండా.
అది నా పనే.
అందుకు నాకూ ఓ ఏడాది సర్టిఫికెట్ ఇచ్చారు,
ఫైళ్ల బీరువా పక్కన ఉంది, చూడొచ్చు.

వ్యాసం చివర ఆమె అడిగింది చిన్నదే:
కేసు కొట్టేసిన రోజున పేరూ కొట్టేయమని.
ఏదో కమిటీ ముందు ఉందట. ఉంటుంది.

సోమవారం నలభై ఒక్క కొత్త కేసులు దిగాయి.
ముందు ఇంటిపేరు, తర్వాత కామా.
కామా దగ్గర ఈమధ్య కాస్త ఆగుతున్నాను.
ఎంతసేపో తెలీదు, నా దగ్గర స్టాప్‌వాచ్ లేదు.
తర్వాత మనిషిని టైపు చేస్తాను.