గని రైలు

గణేశ్ మండలి లక్కీ డ్రాల
వనమాల తాయికి మిక్సీ తగిలింది,
మాకు రెండు టికెట్లు.
చంద్రపూర్ రోడ్డు మీద కొత్త పార్కు.
"మిక్సీ అయితే తొక్కన్నా నూరుకుందువు" అన్నడు ఓదెలు.

అన్నిటికన్న పెద్ద లైను గని రైలుకే.
గంటన్నర నిలబడ్డం.
సిమెంటు రాళ్లకు నల్లరంగు,
రాళ్ల సందులల్ల బంగారమని మెరుపు కాయితం,
ఉత్తుత్తి దుంగలు, ఉత్తుత్తి లాంతర్లు,
గునపమెత్తిన గడ్డపు బొమ్మ ఒకటి,
ఎన్నటికీ దించదు.
"వీనికి ఓటీ ఎంతిస్తరో" అన్నడు.
లైన్ల ఎవ్వలూ నవ్వలేదు.
మరాఠీల మళ్లొకసారి చెప్పిండు.
అప్పుడు నవ్విన్రు.

ముప్పై రెండేండ్లు ఈయన దిగిన బాయి
మా బల్లార్షా కాలనీకి రెండు మైళ్లు.
నేను చూసింది
గేటు, సైకిల్ స్టాండు,
నా చేతుల గిన్నె అందుకొని పోయే ఎవరో పిలగాడు.
లోపల ఎట్లుంటదని పెండ్లయిన కొత్తల అడిగిన.
"చీకటుంటది" అన్నడు.
ఇంకో ఏడాది అడిగిన. అదే మాట.
బనీన్లు పిండిన నీళ్ల నలుపు,
నాకు ఎరుకైన గని అంతే.

లోపలికి పోయే తోవ ఇరుకు.
ఆయన చెయ్యెత్తి
పైకప్పును వేలి కణుపుతోని కొట్టిండు.
టక్ టక్.
చెవి వొగ్గి ఇన్నడు.
"డొల్ల" అన్నడు.
"గట్టి కప్పయితే గంట లెక్క మోగుతది.
డొల్ల మోగిందంటే ఉరుకుడే."
ఎటు ఉరుకుతం?
ఎనుకనుంచి జనం తోస్తున్నరు,
ఐస్‌క్రీం నాకుకుంట.

తుషార్ అని పేరు బిళ్ల పెట్టుకున్న పోరడు
మా ఒళ్లెకు ఇనుప కడ్డీ దించి బిగించిండు.
"కాకా, టోపీ తియ్యి, ఎగిరిపోతది."
గనిల టోపీ తియ్యమన్నోణ్ణి
జిందగీల మొదటిసారి చూసిండాయన.
తీసి, మడిచి, తొడ కింద పెట్టుకున్నడు.

గొలుసు గుంజుడు షురువయింది.
కటకట కటకట.
"ఇదొక్కటి నిజమే,
హాలేజీ తాడు గిట్లనే ఏడుస్తది" అంటనే ఉన్నడు,
కింద నేల లేదు.
కడుపు గొంతులకొచ్చింది.
కుడికాలి చెప్పు ఏ లోయల పడ్డదో.
అవ్వను పిలిచిన, ఎములాడ రాజన్నను పిలిచిన,
ముందటి బండోళ్లతోని కలిసి
ఆయీ గ అని కూడా అరిచిన.
పక్కన ఆయన చప్పుడు లేదు.

మలుపు తిరిగినంక మొత్తం చీకటి.
ఆ చీకట్ల
ఢాం!
స్పీకర్ల పేలుడు,
ఏదో గొట్టంలకెళ్లి పొగ.
పోరగాండ్లు చప్పట్లు కొట్టిన్రు.

నా నెత్తి మీద ఒక చెయ్యి పడ్డది.
ఒత్తింది.
మురిపెంగ కాదు,
మెడ నొచ్చేటట్టు,
నా నొసలు కడ్డీకి తాకేటట్టు.
ఎనుకనే ఆయన ఒళ్లంత నా మీద.
"జంపయ్యా, ఒంగు!"

ఒంగిన.

ఎలుగుల వచ్చి ఆగినం.
తుషార్ కడ్డీ లేపిండు.
బయట టీవీల మా ఫోటోలు.
అందరి నోర్లు బావుల లెక్క తెరుచుకొని ఉన్నయి.
మా వరుసల
ఒంగిన ఈపొకటి,
దాని కిందికెళ్లి నా కొప్పు కొసంత.
నూట యాభై.
"మొగమే పడలేదు, ఎందుకే పైసలు దండుగ" అన్నడు.
కొంగు ముడి ఇప్పి ఇచ్చిన.

మళ్లి చూసేసరికి
ఆయన బయటికిపోయే తోవల ఆగి
గోడ పొంటి ఏందో దేవులాడుతున్నడు,
చెయ్యి అంగీ జేబుల.
"ఏందయ్యా?"
"బిళ్ల" అన్నడు. "పైకొచ్చినోడు బిళ్ల తగిలియ్యాలె గద."
అని,
తనే సిగ్గుపడి
నా కాళ్ల దిక్కు చూసిండు.
"చెప్పేది?"

ఇంట్ల ఆ పేరు
ఒక్కనాడన్నా ఇన్నట్టు యాదికి లేదు.
బస్సుల అడుగుదామనుకున్న.
కిటికి పక్కకు కూసొని
ఆయన టోపీ మడత సాపు చేస్తున్నడు,
సాపయినంక మళ్లా సాపు చేస్తున్నడు.
నేను ఒంటి చెప్పును
ఫోటో సంచిలనే ఏసుకున్న.