పుర్రచేతి పట్టీ

ముందు ధర అడిగాడు, తర్వాత పేరు చెప్పాడు: ఫెర్కర్.
డింగ్వాల్ వానంతా నెత్తిమీద మోసుకొచ్చి
గుమ్మం పట్టా మీదే నిలబడిపోతే
తోలుకి నీళ్ళు కొత్తేం కాదు, లోపలికి రా అన్నాను.

పెళ్ళి ఈ శనివారం కాక పై శనివారం.
కిల్టు అద్దెది. కోటు అన్నది.
మేజోట్లో దోపే చురకత్తి మేనమామ ఇచ్చింది.
పట్టీ ఒక్కటి మాత్రం సొంతంగా కావాలట,
భుజం మీంచి వల్లెవాటుగా దిగి
నడుము పక్కన కత్తిని మోసేది.

కత్తేదీ? అన్నాను.
లేదు.

నేను నవ్వలేదు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ
ముప్ఫై ఏళ్ళుగా నాకు కూడు పెట్టింది
ఒక్కటీ లేని ఒరలే.

బల్ల మీద పరిచాను.
అద్దంలా మెరిసే నల్లది:
అందులో తన మొహం కనబడగానే పక్కకి నెట్టేశాడు.
తెల్లది, బ్యాండు మేళం వాళ్ళది, ఊరికే చూపించాను.
ముళ్ళపువ్వుల అచ్చులు గుద్దిన గోధుమరంగు దాన్ని
తిరగేసి, ఎవరూ చూడని లోపలివైపు తడిమాడు.
గొర్రెల బొచ్చు గొరిగే చేతులు,
ఉన్ని జిడ్డు ఇంకి చంటిపిల్ల అరికాళ్ళంత మెత్తన.
ఏ ఊరి ఆవు? అన్నాడు.
ఇన్నేళ్ళలో నన్నా మాట అడిగినవాడు లేడు.

కుడి భుజం మీంచి వేశాను.
వెండి బకిల్ సరిగ్గా రొమ్ము మీద కూర్చుంది.
ఏదీ, లేని కత్తిని ఓసారి దూయమన్నాను.
ఎడమచెయ్యి ఎడమ తుంటికేసి వెళ్ళి
రెక్క మడతపడ్డ బాతులా గిలగిల్లాడింది.

పుర్రచెయ్యా?
చెవులు ఎర్రబడ్డాయి. అవునన్నాడు.
గొరగడం కూడా మేనమామకి ఎదురుగా నిలబడి
అద్దంలో చూసినట్టు నేర్చుకున్నాడట.

భుజం మార్చి వేశాను.
బకిల్ వీపు మీదికి పోయింది.
వెండంతా వెనక్కి.
చర్చిలో వెనక వరసలవాళ్ళకి తప్ప
పెళ్ళికొడుకు అందం ఎవరికీ తెలియదు.

అప్పుడు చెప్పాను నా పెళ్ళి సంగతి.
వధువు ఎడమవైపు నిలబడాలన్నారు,
వరుడి కుడిచెయ్యి ఖాళీగా ఉండాలట, కత్తి దూయడానికి.
ఎవరి మీదో ఎవరూ చెప్పలేదు.
ఇవాండర్ కత్తి పిడి ప్రార్థన పొడుగునా నా తుంటిలో దిగి
నల్లటి మచ్చ,
వారం దాకా చేతికి తగిలేది.

నీకా బెడద లేదు. కత్తి కుడివైపు వేలాడుతుంది,
ఆ పిల్ల ఎడమవైపు హాయిగా ఉంటుంది.
కాకపోతే, దూయాల్సిన చెయ్యి ఆమె పట్టుకుని ఉంటుంది.

చాలాసేపు ఆలోచించాడు.
వాన చూరు మీంచి కారి కారి సన్నబడింది.
కత్తి దాకా ఎందుకండీ,
సగం గొరిగిన గొర్రెని వదిలేసి పరిగెత్తినవాణ్ణి
డోలీనా పిలిచిందని.
గొర్రె?
ఇంకా కొండ మీదే ఉంది, ఒకవైపు చలికోటుతో.

సరే, కొత్తది కుడతాను. పది రోజులు.
బయానా అక్కర్లేదు, ఆవు ఊరు కనుక్కుంటాను.
టేపు పట్టి భుజం నుంచి తుంటి దాకా కొలిచాను,
ఊపిరి బిగబట్టకు, పెళ్ళినాడు తిండి తింటావుగా అని.

వాడు వెళ్ళాక
మేకుకి వేలాడే పాత నమూనా కాగితం దించాను.
ముప్ఫై ఏళ్ళూ ఒకే వైపు పెట్టి గీసింది.
అపసవ్యంగా తిప్పాను.
వెనక ఇవాండర్ చేతిరాత, పెన్సిలు:
పాలు. చిన్న మేకులు. జిగురు మర్చిపోకు.

కాసేపు దీపం వెయ్యలేదు.
తర్వాత జిగురు కింద, కాస్త ఎడం వదిలి,
ఫెర్కర్ కొలతలు రాసుకున్నాను.