రాత్రి మెట్లు

కొండాపూర్‌లో, ఏడో అంతస్తులో, రాత్రి రెండున్నరకు
నేనొక కాన్వెంటు కడుతున్నాను.
కట్టడమంటే గీయడమే.
ఎనిమిది వందల ఏళ్ల నాటి రాళ్లను
ఎవరో లేజరుతో తడిమి, చుక్కలు చేసి పంపారు.
నాలుగు కోట్ల చుక్కలు.
అందులోంచి గోడను గోడగా, కమానును కమానుగా
ఏరి తీయడం నా నౌకరి.

బొమ్మల్లేవు. రంగుటద్దాల్లేవు.
గంటకు ఎత్తైన గోపురం కూడా వద్దనుకున్నారట.
"ఏం పిసినారి సన్యాసినులు!" అన్నాడు పక్క సీటు ఎలీషా,
మొన్నటిదాకా దుబాయి మాల్ గీసినవాడు.
తూర్పున సన్నటి కిటికీలు మూడు,
నడుమ నలుచదరపు వాకిలి, చుట్టూ వసారా,
దక్షిణాన భోజనాల గది, దాని పక్కన పొయ్యి ఉన్న గది.
చలికాలమంతా ఆ ఇంటికి అదొక్కటే వెచ్చన.
మాట్లాడకూడదు. రొట్టె కావాలంటే వేళ్లతో అడగాలి.
చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకున్న మేమూ
చాయ్ కావాలంటే బొటనవేలు పెదవికి ఆనిస్తాం.

ఏ దొరసాని భూమిచ్చిందో, ఏ యుద్ధంలో కప్పు కాలిందో,
తర్వాత ఎవరు పశువుల్ని కట్టేసుకున్నారో
ఫైల్లో ఒక పేరా ఉంది.

పడకల హాలు నుంచి నేరుగా చర్చిలోకి
ఒక మెట్ల వరుస.
నడిరాత్రి గంట కొడితే నిద్రకళ్లతో దిగేవి.
పదిహేడు మెట్లు. ఒక్కటీ తిన్నగా లేదు.
నడుమ నాలుగు సెంటీమీటర్లు కుంగాయి,
ఎడమకు ఇంకాస్త ఎక్కువ.
చీకట్లో గోడ పట్టుకుని దిగేవారేమో.
దిగినవాళ్ల పేర్లు ఆ పేరాలో లేవు.

టీమ్ లీడ్ వసుంధర గారు వంగి చూసింది.
"అది నాయిస్. సాపు చెయ్యి. గీత తిన్నగా రావాలి."

షేక్‌పేటలో మా గడప, షాబాదు బండ.
పొద్దున నాలుగింటికి నల్లా వస్తే
అమ్మ నీళ్ల డ్రమ్ము దొర్లించి, దొర్లించి
దానికి పడ్డ గుంట.
వానొస్తే పిచ్చుక తాగేటన్ని నీళ్లు నిలుస్తాయి.
నలభై ఏళ్లు ఊరందరి బండలకూ పాలిష్ పట్టిన మా నాయన
ఆ ఒక్కదాన్ని ముట్టలేదు.

గీత వంచాను. పదిహేడు సార్లు.
పొద్దున వసుంధర గారు మళ్లీ సాపు చేస్తుందేమో, తెలీదు.

ఐదింటికి క్యాబు కింద హారన్ కొడుతోంది.
లిఫ్టు పాడైంది, లైట్లు లేవు.
సిమెంటు మెట్లు, ఇంకా కొత్తవి,
అంచులు చురుగ్గా ఉన్నాయి.
ఎడమ చెయ్యి గోడకు ఆనించి
దిగాను.